చిత్రకోట్ ఖాళీగా ఉన్నప్పుడు

మా పెద్దమ్మది శబరి నది ఒడ్డున, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న కొంటలో కిరాణా దుకాణం. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి, కొడుకు చేతికి తాళాలు ఇచ్చేదాకా, ఆమెను నేను గల్లాపెట్టె వెనక మడత దుప్పటి మీద కూర్చుని ఉండగానే చూశాను. వచ్చినవాళ్లు తెలుగు మాట్లాడితే తెలుగు, హిందీ మాట్లాడితే హిందీ, సంత రోజున పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లతో దోర్లీ, గోండీ. మాట మారేది గానీ మనిషి అక్కణ్ణుంచి కదిలేది కాదు.

ఆ దుకాణం గోడకు చిత్రకోట్ జలపాతం ఉన్న కేలండర్ ఒకటి ఉండేది. ఏడాది మారినా బొమ్మ బాగుందని దాన్ని తీయనివ్వలేదు. ఆంధ్ర నుంచి సరుకు ఆర్డర్ల కోసం వచ్చే సేల్స్‌మన్‌లు దాన్ని చూసి, "అమ్మా, ఇది మీ దగ్గరేనట గదా, ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లు. "అవ్, మాదే" అనేది పెద్దమ్మ. చూశానని ఎన్నడూ అనలేదు. చూడలేదనీ అనలేదు.

నేను నగర్‌నార్ స్టీల్ ప్లాంటులో ల్యాబ్‌లో పనిచేస్తాను. జగదల్‌పూర్‌లో అద్దె ఇల్లు. ఏటా మే నెలలో కొన్నాళ్లు సెలవు పెట్టి, బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని ఎటో ఒకవైపు పోవడం నాకు అలవాటు. ఎండలకు భయపడి జనం రాని చోట్లంటే నాకు ఇష్టం. గదులు దొరుకుతాయి, బస్సులో కిటికీ దొరుకుతుంది, ఊరి మనుషులు తీరిగ్గా మాట్లాడతారు. ఆ ఏడాది నేను బట్టలు సర్దుకుంటుండగా పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంది. చుట్టాల ఇంట్లో పెళ్లికి చీరలు కొనడానికి కొంట నుంచి వచ్చింది. కొనడం అయిపోయింది. మర్నాడు తిరుగు బస్సు.

మంచం మీద పెట్టిన నా బ్యాక్‌ప్యాక్‌ను ఎగాదిగా చూసింది.

"ఏందే ఇది? హమాలీ పని పెట్టుకున్నవా?"

"తిరగడానికి పోతున్న పెద్దమ్మా. చిత్రకోట్ పోయి, అక్కణ్ణుంచి బార్సూర్, దంతెవాడ. బస్సుంటే బస్సు, లేకుంటే నడక."

"ఎవరితోని?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

ఆమె బ్యాక్‌ప్యాక్ పట్టీ పట్టుకుని, బియ్యం మూట బరువు చూసినట్టు కాస్త పైకి లేపి చూసి, మళ్లీ దించింది.

"నేనొస్త" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఎండలు పెద్దమ్మా! ఇప్పుడు చిత్రకోట్‌లో నీళ్లే ఉండవు. సీజన్ కాదు. దసరా వెళ్లినాక కారు మాట్లాడుకుని హాయిగా పోదాం."

"సీజన్ల నాకెప్పుడు తీరింది? దసరాకు దుకాణం, దీపావళికి దుకాణం, కోతలప్పుడు దుకాణం. ఇన్నేండ్లకు ఇప్పుడు ఖాళీ అయిన. ఇప్పుడున్నయే చూస్త."

సాయంత్రం బజారుకు తీసుకెళ్లి కాన్వాస్ బూట్లు కొనిపెట్టాను. చీర కింద ఆ తెల్ల బూట్లతో చెప్పుల దుకాణంలో అటూ ఇటూ నడిచి చూసుకుని, "కాళ్లు ఆస్పత్రి నర్సు కాళ్ల లెక్కనే ఉన్నయ్" అంది. నా పాత కాలేజీ బ్యాగు ఒకటి అటక మీద ఉంటే దులిపి ఇచ్చాను. దాన్ని వీపుకు తగిలించుకోవడం మొదట్లో ఆమెకు నచ్చలేదు. చంకలో పెట్టుకుంది, నెత్తిన పెట్టుకోబోయింది, చివరికి తగిలించుకుని, "అరె, చేతులు రెండూ ఖాళీ!" అని ఆశ్చర్యపోయింది.

బస్సు లోహండిగూడ దాకా కిక్కిరిసి ఉంది. ఆ రోజు అక్కడ సంత. బుట్టలు, కోళ్లు, చింతపండు మూటలు అన్నీ అక్కడ దిగిపోయాయి. ఆ తర్వాత బస్సులో మేమిద్దరం, ఇంకో ముసలాయన మిగిలాం. కండక్టర్ తీరిగ్గా వచ్చి మా ముందు సీటులో కూర్చున్నాడు. మా బ్యాక్‌ప్యాక్‌ల వంక, పెద్దమ్మ బూట్ల వంక చూశాడు.

"ఇప్పుడు అక్కడేముంది అమ్మాజీ, రాళ్లు తప్ప? వర్షాలు పడ్డాక రావాల్సింది" అన్నాడు హిందీలో.

"రాళ్లు చూడొద్దని ఏమన్నా ఉందా?" అంది పెద్దమ్మ, హిందీలోనే.

చిత్రకోట్‌లో దిగేసరికి మధ్యాహ్నం. నేను అంతకుముందు వానాకాలంలో ఆఫీసువాళ్లతో వచ్చాను. అప్పుడు బండి పెట్టడానికి జాగా లేదు. మొక్కజొన్న పొత్తుల పొగ, సెల్ఫీల తోపులాట, జలపాతం హోరులో ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఇప్పుడు అదే జాగాలో దుకాణాలన్నీ నీలం టార్పాలిన్లు కప్పుకుని ఉన్నాయి. చెరకురసం మిషన్‌ను గోనెసంచిలో చుట్టి తాళ్లతో కట్టేశారు. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి గొలుసు వేశారు. ఫొటోలు దిగడానికి పెట్టిన పెద్ద ఎర్ర గుండె బొమ్మకు రంగు పెచ్చులు లేచిపోయింది. దాని నీడలో ఒక కుక్క పడుకుని ఉంది. మమ్మల్ని చూసి కూడా లేవలేదు.

నా మనసు చివుక్కుమంది. వద్దన్నా వినకుండా వచ్చింది, ఈ పాడుబడ్డ తిరునాళ్లను చూపించాల్సి వచ్చిందే అనుకున్నాను. రెయిలింగ్ దగ్గరికి వెళ్లాం. ఇంద్రావతి అంచు పొడవునా గుర్రపు లాడం వంపులో రాయి ఎండి ఉంది. ఆ వంపులో అక్కడక్కడ, విడివిడిగా, తెల్లటి పాయలు కిందికి జారుతున్నాయి. వానాకాలంలో ఎర్రటి గోడలా పడే నీరు ఇప్పుడు ఆరేసిన పంచెల్లా ఉంది.

పెద్దమ్మ రెండు చేతులూ రెయిలింగ్ మీద పెట్టి నిలబడింది.

"నీళ్లు తక్కువున్నయ్ పెద్దమ్మా" అన్నాను, నా తప్పేదో ఉన్నట్టు.

"కేలండర్ల ఈ రాయి కనపడలేదు" అంది. "చూడు, పొరలు పొరలుగ ఎట్లున్నదో. అగో, అక్కడ గులాబి రంగు. దాని కింద నల్లగ. ఈ రాయంత నీళ్ల ఎనక దాచిపెట్టి కేలండర్ అచ్చేసిండ్రు."

నేను అప్పుడు చూశాను. నిజంగానే చూశాను. ఎండకు తడిపొడిగా మెరిసే రాయి, నీరు ఎన్నో ఏళ్లుగా తొలిచిన గుంటలు, ఆ గుంటల్లో పావురాలు. ఒక్కో పాయ చప్పుడు విడిగా వినపడుతోంది. ఎడమ చివర పాయ సన్నగా టపటపమంటుంటే, మధ్యలోది గంభీరంగా మోగుతోంది. వానాకాలంలో నేను చూసిందల్లా తెల్లటి నురగ, ఎర్రటి నీరు. ఈ చోటును మాత్రం చూడలేదు.

టూరిస్టులకిచ్చే గదుల దగ్గర గేటుకు తాళం. కాపలాదారు వేపచెట్టు కింద నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. రంగులు వేస్తున్నారు, బంద్, అన్నాడు. పెద్దమ్మ అతని మంచం అంచున కూర్చుని మంచినీళ్లు అడిగింది. నీళ్లు తాగి, పిల్లలెందరు, ఏ ఊరు, ఇక్కడ ఎండాకాలం ఎట్లా గడుస్తుంది అని అడిగింది. కాసేపటికి అతనే లేచి, పడవవాళ్ల ఇల్లుంది, అక్కడ ఉండొచ్చేమో అడుగుతాను రండి, అని ముందు నడిచాడు.

ఆ ఇల్లు నదికి దగ్గర్లోనే, మట్టిగోడల ఇల్లు. ఎర్రమట్టితో అలికిన అరుగు మీద ఒక ఆమె వల బాగు చేసుకుంటోంది. ముప్పై అయిదు దాటి ఉంటాయి. సీజన్‌లో ఆమె భర్త టూరిస్టులను పడవలో తిప్పుతాడు. ఇప్పుడు జగదల్‌పూర్‌లో కట్టుబడి పనికి పోయాడు. పడవ ఈమె చూసుకుంటూ, చేపలు పడుతోంది. కాపలాదారు అక్కడి హల్బీ భాషలో ఏదో చెబుతుండగా, నేను పెద్దమ్మతో, "ఈవిడను ఇబ్బంది పెడుతున్నామేమో" అన్నాను తెలుగులో.

ఆమె వల పక్కన పెట్టి ఒక్కసారిగా నవ్వింది.

"ఇబ్బంది లేదు అక్కా. రండి, కూసోండి."

పెద్దమ్మ నోరు తెరిచింది. "తెలుగు ఎట్లొచ్చింది బిడ్డా నీకు?"

"మిర్చి ఏరనీకి పోతం గద అమ్మా, ఖమ్మం దిక్కు. ప్రతి ఏడు పోత. అక్కడ తెలుగు రాకపోతే అన్నం గూడ అడగలేం."

ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య నాకు పని లేకుండా పోయింది. ఖమ్మం వైపు ఏ ఊళ్లో పని, మేస్త్రీ మంచోడేనా, కొంట మీదుగానే పోతారా, మా దుకాణం చూశావా, బస్టాండుకు ఇవతల. ఆమె తెలుగులో హిందీ కలిసేది, పెద్దమ్మ హిందీలో తెలుగు కలిసేది, ఇద్దరికీ తెలియని మాటకు చేతులు సాయం వచ్చేవి.

మా ఇంట్లో చేప ముట్టరు. ఇంటినిండా చేపల వాసన. పెద్దమ్మ ఏమంటుందోనని నేను బిగదీసుకుని ఉన్నాను. ఆమె మాత్రం, "మేం చేపలు తినం బిడ్డా, నీ ఇంట్ల ఏది సులువైతే అది పెట్టు" అని చెప్పేసి, బూట్లు విప్పి అరుగు మీద కాళ్లు చాపుకుంది. పడవ ఆమె వేరే కుండలో మడియా పేజ్ కాచింది. అది రాగి జావే, మనదానికన్నా కాస్త పుల్లగా ఉంటుంది. దానిలోకి పచ్చిమామిడికాయ నూరిన పచ్చడి. పెద్దమ్మ రెండోసారి అడిగి పోయించుకుంది. ఊళ్లో పెళ్లిభోజనాలకు కూడా తన చెంబు తానే తీసుకుపోయే మనిషి. నేను ఆమెనే చూస్తూ తినడం మరిచిపోయాను.

మర్నాడు తెల్లవారగానే మెట్లు దిగి జలపాతం కిందికి వెళ్లాం. సీజన్‌లో నీళ్ల కింద మునిగిపోయే చోట ఇప్పుడు ఇసుక తేలింది. నది వంపు తిరిగేచోట అది సన్నగా, తెల్లగా, చాలా దూరం పరుచుకుని ఉంది. మా కాళ్ల గుర్తులు, కొంగల కాళ్ల గుర్తులు తప్ప మరేమీ లేవు. పడవ ఆమె ముందే వచ్చి వల తీస్తోంది. పెద్దమ్మ బూట్లు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చుంది. కాళ్లు అలా ఆడిస్తూ, "ఇక్కడ లోతెంతుంటది?" అని అడిగింది, ఎవరినని కాకుండా.

"ఎందుకు?"

"ఈదొచ్చునా అని."

నాకు అర్థం కాలేదు. "ఎవరు?"

"నేనే. ఇంకెవరు? నువ్వా?" అంది. నాకు ఈత రాదని ఆమెకు తెలుసు.

అప్పుడు చెప్పింది. పుట్టిల్లు శబరి ఒడ్డునే, కొంటకు దిగువన. చిన్నప్పుడు తండ్రికి బర్రెలుండేవి. అవి మేసుకుంటూ నది దాటి అవతలి గడ్డకు పోతే, పెద్దన్న, ఈమె ఈదుకుంటూ పోయి తోలుకొచ్చేవాళ్లు. అన్న కన్నా ఈమే ముందు చేరేది. బర్రె తోక పట్టుకుని వచ్చేవాడట ఆయన. ఆమె ఎన్నడూ పట్టుకోలేదట.

"మరి పెళ్లయి కొంటకొచ్చినాక?"

"కొంటకొచ్చినంక ఏముంది. నది మన దుకాణం ఎనకనే. కార్తీకంల పోయి ఒడ్డున మూడు చెంబులు పోసుకుని వచ్చుడే."

"మీ అత్తమ్మ వద్దందా?"

"ఎవ్వరు వద్దనలే" అంది పెద్దమ్మ. "ఎవ్వరు రమ్మనలే."

ఇన్నేళ్లు ఆమె ఒళ్లో పడుకున్నాను, ఆమె చేతి అన్నం తిన్నాను. గోనెసంచుల మధ్య కూర్చున్న ఈ మనిషికి నది దాటడం వచ్చని నాకు తెలియదు. ఆమె కొడుక్కీ తెలియదని ఆ తర్వాత తెలిసింది.

పడవ ఆమెను అడిగితే అడ్డంగా తల ఊపింది.

"అక్కడ వద్దమ్మా. దార పడే కాడ నీళ్లు గుండ్రం తిరుగుతయ్. మంచి మంచి ఈత ఉన్నోళ్లే పోయిండ్రు."

"అక్కడ పోను. నాకు పానం తీపి లేదా? నువ్వే చెప్పు, ఏడ మంచిగుంటది?"

ఆమె పెద్దమ్మను ఒకసారి పైనుంచి కింది దాకా చూసింది. బక్కపలచని మనిషి, నెరిసిన జుట్టు, డెబ్బైకి దగ్గర పడుతున్న వయసు. ఏం కనిపించిందో ఏమో, "ఆ వంపు కాడ నీళ్లు నిలకడగుంటయ్. నేను పడవ పక్కన తెస్త. పడవ ఇడిచి దూరం పోవద్దు" అంది.

నేను అడ్డు పడ్డాను. బీపీ మాత్రలు గుర్తు చేశాను. తమ్ముడికి, అంటే ఆమె కొడుక్కి, ఏం సమాధానం చెప్పాలి అన్నాను. పెద్దమ్మ నా మాటలన్నీ విని, "చుట్టూత చూడు" అంది. చూశాను. ఇసుక, నీళ్లు, కొంగలు. "ఎవరన్న ఉన్నరా? ఇంత పెద్ద నది, ఇంత మంచి నీళ్లు, చూసేటోడు ఒక్కడు లేడు. మళ్ల ఇట్ల ఎన్నడు దొరకాలె నాకు?"

చీర కాసె పోసి బిగించింది. కళ్లజోడు తీసి నా చేతికిచ్చింది. మోకాళ్ల లోతు, నడుం లోతు, అలా నడిచిపోయింది. ఛాతీ దాకా వచ్చాక ఆగింది. ఒక మునక వేసి లేచింది. పొలమారి దగ్గింది. "చాలు పెద్దమ్మా, వచ్చెయ్!" అని అరిచాను. ఆమె వెనక్కి తిరగలేదు. ముఖం మీది నీళ్లు తుడుచుకుని, ముందుకు వంగి, కాళ్లు వదిలేసింది.

మొదటి నాలుగు బారలూ అడ్డదిడ్డంగా పడ్డాయి. నీళ్లను కొడుతున్నట్టే ఉంది గానీ మనిషి ముందుకు పోలేదు. ఆ తర్వాత ఏదో సర్దుకుంది. భుజం ఒకటి లేచింది, చేయి చాపుకుంది, నీళ్లలోకి చప్పుడు లేకుండా దిగింది. మళ్లీ రెండో భుజం. తల పక్కకు తిరిగి ఊపిరి తీసుకుంటోంది. తొందర లేదు, ఆయాసం లేదు. ముడి ఊడిపోయి నెరిసిన జుట్టు వీపు మీద పరుచుకుంది. పక్కన పడవలో నిలబడిన ఆమె తెడ్డు వేయడం మానేసి చూస్తోంది.

నది నడుమ తలెత్తిన నల్లటి బండ ఒకటి ఉంది. పెద్దమ్మ అక్కడిదాకా పోయింది. రెండు చేతులతో పట్టుకుని, ఒక మోకాలు ఆనించి, పైకి ఎక్కి కూర్చుంది. అక్కణ్ణుంచి నావైపు తిరిగి చేయి ఊపింది. కళ్లజోడు లేకుండా ఆమెకు నేను కనపడను. నేనున్న దిక్కుకు ఊపిందంతే. నేను ఒడ్డున ఆమె బూట్లు, కళ్లజోడు పట్టుకుని నిలబడి ఏడుస్తున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో ఆమె బారలు ఆగిపోయాయి. పెద్దమ్మ కేకలు పెట్టలేదు, కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు. మెల్లగా వెల్లకిలా తిరిగింది. ఆకాశం వైపు చూస్తూ అలా తేలుతూ, పక్కనున్న పడవ ఆమెతో మామూలు గొంతుతో అంది.

"బిడ్డా, పిక్క పట్టేసింది. ఆ తెడ్డు ఇటియ్యి."

పడవ ఆమె తెడ్డు చాపింది. పెద్దమ్మ దాని కొస పట్టుకుని, అలా వెల్లకిలానే, పడవతోపాటు ఒడ్డుకు వచ్చింది. ఇసుకలో కూలబడ్డాక చూస్తే ముఖం పాలిపోయి ఉంది. పెదాలు వణుకుతున్నాయి. పడవ ఆమె పిక్కను రెండు చేతులతో పట్టి నొక్కుతూ, "భయం కాలేదా అమ్మా?" అని అడిగింది.

"అయింది" అంది పెద్దమ్మ. "భయమైతే ఎల్లకిల పడాలె అని మా అన్న చెప్పిండు. ఆయన చెప్పిన మాట ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది."

కాసేపయ్యాక, "రేపు ఇంక జర తొందరగొద్దాం, ఎండ రాకముందు" అంది.

బార్సూర్ లేదు, దంతెవాడ లేదు. మేం అక్కడే ఉండిపోయాం. రోజూ పొద్దున్నే ఇసుకలోకి దిగేవాళ్లం. పిక్క పట్టకుండా పడవ ఆమె ముందే ఇప్పనూనెతో కాళ్లు రుద్దేది. బండ దాకా పోవద్దని నేను పెట్టిన షరతు పెద్దమ్మ ఒక్క రోజే పాటించింది. మూడో నాటికి విషయం పాకి, పడవ ఆమె ఇరుగుపొరుగు ఆడవాళ్లు కొందరు వచ్చి ఒడ్డున కూర్చున్నారు. బూట్ల ముసలమ్మ అని మా పెద్దమ్మకు పేరు పెట్టారు. వాళ్లందరికీ నీళ్లు పుట్టినప్పటి నుంచీ తెలుసు, చేపలు పట్టేవాళ్లే. కానీ పని లేకుండా ఊరికే నీళ్లలోకి దిగడం వాళ్లకూ వింతే. ఒకామె నవ్వుతూ దిగింది. ఆమె వెనక ఇంకొకామె. కాసేపటికి నది నిండా ఆడవాళ్లే. కేకలు, నీళ్లు చల్లుకోవడాలు. ఎక్కడో పై గట్టు మీద మేకలు తోలుకొచ్చినాయన కిందికి చూసి, మర్యాదగా మేకలను మళ్లించుకుపోయాడు.

నన్నూ వదల్లేదు. నడుం లోతులో నిలబెట్టి, నా వీపు కింద అరచేయి పెట్టి, వెనక్కి వాలమంది పెద్దమ్మ. నేను బిగుసుకుపోయాను.

"మెడ ఇడువు."

"మునిగిపోత పెద్దమ్మా."

"నా చెయ్యి కింద లేదా? మెడ ఇడువమన్ననా లేదా? దుకాణం మొత్తం నెత్తిన పెట్టుకున్నట్టు ఏందే ఆ బిగుసుడు!"

మెడ వదిలాను. చెవుల్లోకి నీళ్లు వచ్చి లోకం చప్పుడంతా ఆగిపోయింది. దూరంగా పడే పాయల మోత మాత్రం నీళ్లలోంచి, ఎముకల్లోంచి వినిపించింది. ఎప్పుడు ఆమె చేయి తీసేసిందో నాకు తెలియదు. తలెత్తి చూస్తే, రెండు చేతులూ పైకెత్తి చూపిస్తూ నవ్వుతోంది.

ఒక మధ్యాహ్నం బార్సూర్ వైపు ఆకాశం నల్లబడింది. గాలి వచ్చి టార్పాలిన్లను లేపింది. మామిడికాయలు టపటపా రాలాయి. పెద్ద చినుకులతో మొదలై, సాయంత్రం దాకా కొట్టింది వాన. అరుగు మీద కూర్చుని ముగ్గురం చూశాం. మర్నాడు పొద్దున వెళితే నది రంగు మారింది. ఎగువన కూడా వానలు పడ్డాయట. విడివిడిగా జారిన పాయలు రెండు చోట్ల కలిసిపోయాయి, ఎర్రగా. మేం రోజూ కూర్చున్న ఇసుక సగం మునిగింది. పడవ ఆమె నీళ్లను ఒక్కసారి చూసి, "ఇంక వద్దమ్మా" అంది.

"వద్దు" అంది పెద్దమ్మ వెంటనే. బతిమాలలేదు, బాధపడినట్టు కూడా కనపడలేదు. బండ వైపు కాసేపు చూసి, బూట్లు తొడుక్కుంది.

తిరుగు బస్సు కోసం నిలబడితే, అటు నుంచి రెండు కార్లు వచ్చి ఆగాయి. వాన కబురు విని జగదల్‌పూర్ నుంచి వచ్చినవాళ్లు. దుకాణాలవాళ్లు చెరకురసం మిషన్‌కు కట్టిన తాళ్లు విప్పుతున్నారు. బస్సెక్కేముందు పెద్దమ్మ, పడవ ఆమె చేయి రెండు చేతుల మధ్య పెట్టుకుని, "ఈపాలి మిర్చికి పోయేటప్పుడు కొంటల దిగు. దిగకపోతే ఊకోను" అని చెప్పింది.

ఈ సంగతి ఇంట్లో నెమ్మదిగా, చూసి చెబుదాం అనుకున్నాను. కొంట చేరిన గంటకే పెద్దమ్మ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేసిందట. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నీకు బుద్ధుందా? ఏమన్న అయితే?"

నేను ఏదో చెప్పబోయేలోగా ఫోన్ చేతులు మారింది.

"వాని మాటలు పట్టించుకోకు" అంది పెద్దమ్మ గొంతు. "వానికి ఈత రాదు. అందుకే భయం."

ఆ చలికాలం మిర్చి పనులకు పోయే బండిలోంచి పడవ ఆమె నిజంగానే కొంటలో దిగింది. బండిలోవాళ్లను ముందు పొమ్మని, తను రెండు రోజులు పెద్దమ్మ దగ్గర ఉంది. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను, వెళ్లలేకపోయాను. జరిగిందంతా తమ్ముడి భార్య, మా మరదలు, ఫోన్‌లో చెప్పింది. పెద్దమ్మ ఆమెను గల్లాపెట్టె పక్కనే చాప వేసి కూర్చోబెట్టిందట. తన కంచం పక్కనే కంచం పెట్టి అన్నం పెట్టిందట. రెండో రోజు పొద్దున్నే ఇద్దరూ కనపడకపోతే ఇల్లంతా వెతికారట.

"శబరికి పోయిండ్రు వదినా! చలిల! ఎండ బాగెక్కినంక, తడిచీరలతోని బజారు నడుమ నుంచి నడుచుకుంట వచ్చిండ్రు ఇద్దరు. అందరు దుకాణాలు తెరిచే టైము. నాకు సిగ్గుతోని పానం పోయింది."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

మరదలు నవ్వేసింది.

"ఏమంటరు? నమస్తే పెట్టిండ్రు" అంది. ఆ తర్వాత, గొంతు తగ్గించి, "వదినా, ఎండాకాలం మీరు మళ్ల పోయేటప్పుడు నాకు గూడ చెప్పు" అంది.